మోషే రాసిన చీట్లు

మోషేకు పట్నం సోమవారాల్లో కనిపించేది.

కనకమామిడిలో, పెద్దరోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఒక ఫార్మ్‌హౌసుకు అతను వాచ్‌మన్. శనివారం మధ్యాహ్నం మాదాపూర్ వైపు నుంచి కార్లు వస్తాయి. ఆదివారం సాయంత్రానికి వెళ్లిపోతాయి. సోమవారం పొద్దున్నే అతను గోనెసంచి పట్టుకుని పచ్చిక మీద వంగి నడుస్తూ పట్నం వదిలిపోయినవన్నీ ఏరుతాడు. సీసాలు, తెగిన పూసలు, ఒంటి చెప్పు, పెదవుల రంగు అంటిన సిగరెట్ ముక్కలు. మంచు ఆరని గడ్డిలో అవి మెరుస్తుంటాయి. సముద్రం చూడనివాడు గవ్వలను బట్టి సముద్రాన్ని ఊహించుకున్నట్టు, మోషే వాటిని బట్టి పట్నాన్ని ఊహించుకున్నాడు. ఆ ఊహలో ఎక్కడా పగటి వెలుతురు లేదు.

అతనిది ఎంకపల్లి. రోజూ సైకిల్ మీద వచ్చి పోతాడు. ఫార్మ్‌హౌసులో ఇప్పుడు నీలం నీళ్ల ఈతకొలను ఉన్నచోట ఒకప్పుడు జొన్నచేను ఉండేది. ఆ చేలో కలుపు తీసిన మనిషే ఇప్పుడు ఆ కొలనుకు కావలివాడు. సాఫ్ట్‌వేరు కంపెనీల పేర్లు ఊళ్లో చుట్టాల పేర్లలా వినబడుతున్న రోజులవి. చేల చుట్టూ గోడలు లేచాయి, గోడల మీద గాజుపెంకులు మొలిచాయి. వర్షం పడితే మట్టివాసన మాత్రం మునుపటిలాగే గోడ దాటి వచ్చేది.

మోషే పుట్టు పిరికివాడు. ఆ మాట అతని భార్య రూతమ్మ నలుగురి ముందూ అనేది. "గాలికి తలుపు కొట్టుకున్నా పోలీసులొచ్చిండ్రంటడు మా ఆయన. గీయన కాపలా!" అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఫార్మ్‌హౌసు సారు అందుకే అతన్ని పెట్టుకున్నాడు. భయపడేవాడు కునుకు తీయడని ఆయన నమ్మకం.

పోయిన చలికాలం ఒక ఆదివారం, పొద్దుగూకే వేళ, ఒక పిల్ల ఒంటరిగా గేటు దగ్గరకు వచ్చి నిలబడింది. చెప్పులు చేతిలో ఉన్నాయి. వెనుక ఇంట్లో పాటలు మోగుతున్నాయి. "అంకుల్, బస్సు ఎక్కడ దొరుకుతుంది?" అంది. కళ్ల కాటుక చెంపల మీదికి జారి ఉంది. మోషే ఏమీ అడగలేదు. పెద్దరోడ్డు దాకా ముందు నడిచాడు. బస్సు వచ్చేదాకా నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. ఊరికే ఉండలేక, "ఏం చదువుతున్నవు బిడ్డా?" అన్నాడు.

"బీబీఏ. సెకండ్ ఇయర్."

ఆ మాట చెప్పి ఆ పిల్ల మళ్లీ ఏడ్చింది. బస్సు వచ్చి ఆమెను తీసుకుపోయింది. మోషే ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ మూడు అక్షరాలు మాత్రం గొంతులో చేపముల్లులా మిగిలిపోయాయి.

ఎండాకాలంలో ఇంటర్ పాసైన అతని కూతురు ఎస్తేర్ నోట సరిగ్గా ఆ మూడు అక్షరాలే వచ్చాయి.

"బాపూ, నేను బీబీఏ చదువుత."

ఎస్తేర్‌కు పదిహేడేళ్లు. చేవెళ్ల జూనియర్ కాలేజీలో చదివింది. జామకాయల కాలంలో తల్లితో పాటు రోడ్డు పక్కన గంపలు పెట్టుకుని కూర్చునేది. పట్నం కార్లు జోరుగా వచ్చి, కాయలు కంటబడేసరికే దాటిపోతున్నాయని ఒకరోజు కనిపెట్టింది. మరునాడు ఒక గంపను తీసుకుపోయి వందడుగుల ముందర, చింతచెట్టు దగ్గర పెట్టింది. ఆ గంప దగ్గర ఎవరూ ఉండరు. దాన్ని చూసి కారు నెమ్మదిస్తుంది, రూతమ్మ దగ్గరకు వచ్చేసరికి ఆగుతుంది. "ఇది గూడ ఒక చదువేనంట బాపూ, మా కాలేజీ వనిత మేడం చెప్పింది" అని ఆ సాయంత్రం తండ్రికి చెప్పినప్పుడు ఆ పిల్ల కళ్లు మెరిశాయి. ఆ మెరుపు చూసి మోషే సంతోషించాడు, ఆ వెంటనే భయపడ్డాడు. అతనికి ఆ రెండూ ఎప్పుడూ జంటగానే వచ్చేవి.

వనిత మేడం మూడు కాలేజీల పేర్లు రాసిచ్చింది. ఆ పేర్లు పొడుగ్గా, నోరు తిరగకుండా ఉండటంతో ఇంట్లోవాళ్లు వాటికి తమకు నోరు తిరిగే పేర్లు పెట్టుకున్నారు. పట్నం నడిబొడ్డున ఉన్నది గడియారం కాలేజీ. దాని గేటు మీద పెద్ద గడియారం ఉందని ఎస్తేర్ చెప్పింది. బీబీఏ ఉన్నది అందులోనే. మెహిదీపట్నం దాటాక ఉన్నది ఆడపిల్లల కాలేజీ. మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోయే దారిలో ఉన్నది దగ్గరి కాలేజీ. అందులో బీకాం ఉంది, చిన్న భవనం, చుట్టూ క్యారెట్ తోటలు, ఫార్మ్‌హౌసు నుంచి సైకిల్ మీద పావుగంట.

"దగ్గర్ల ఉన్నది ఉండంగ దూరం ఎందుకు?" అన్నాడు మోషే.

"ఆ చదువు దగ్గర్ల లేదు గదా బాపూ."

"బీకాం చదువు కాదా మరి?"

"చదువే. నాకు కావాల్సింది వేరు."

అప్పుడే వాకిట్లో ఆటో ఆపి లోపలికి వచ్చిన పక్కింటి అంజిలయ్య, గుమ్మంలోనే పగలబడి నవ్వాడు. "ఏంది మోషన్నా, బిడ్డను పట్నం పంపుతున్నవంట? నా ఆటో ఎక్కితే మొయినాబాద్ చౌరస్తా కాడ్నే కండ్లు మూస్తవు, నువ్వా పంపేది!"

"నువ్వు నడిపే తీరుకు దేవుడే కండ్లు మూస్తడన్నా" అంది రూతమ్మ. "పిల్ల తెలివిగల్లది. పోనియ్యి అంటున్న నేను. ఈయన ఇనడు."

అందరూ నవ్వారు. మోషే కూడా నవ్వాడు. లోపల మాత్రం ఒక పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడే ఉంది.

వాదన వారం రోజులు సాగింది. అన్నం ముందు, ప్రార్థన ముందు, ప్రార్థన తర్వాత. చివరికి మోషే తల్లి బీరమ్మ మంచంలో లేచి కూర్చుని, "దేవుడు లేడా ఈ ఇంట్ల? చీట్లేద్దాం" అంది.

ఆ ఇంట్లో పెద్ద సంగతులన్నీ అలాగే తేలాయి. పేర్లు రాసిన చీట్లను మడిచి బైబిలులో పెడతారు, పాస్టరయ్య ప్రార్థన చేస్తాడు, ఒకరు కళ్లు మూసుకుని ఒక చీటీ తీస్తారు. వచ్చినదే దేవుని మాట. మిగిలిన చీట్లను విప్పకుండానే పొయ్యిలో వేస్తారు. ఆయన వద్దన్నదాన్ని మనిషి చదవకూడదని బీరమ్మ నియమం. ఒకసారి చీటీ తీశాక ఆ ఇంట్లో ఎవరూ రెండో మాట అడిగింది లేదు.

"నీకు మోషే అని పేరెట్ల వచ్చిందిరా? చీటీల వచ్చింది" అంది బీరమ్మ. "రూతు ఈ ఇంటికి ఎట్ల వచ్చింది? చీటీలనే వచ్చింది."

"ఆ చీటీ తీసిన చెయ్యి ఇరగ!" అంది రూతమ్మ.

"తీసింది నేనే గదనే" అంది ముసలమ్మ, ముఖం కదలకుండా.

ఎస్తేర్ కాసేపు నేల వైపు చూసింది. "సరే నానమ్మా. ఏది వస్తే అదే పోత. మాటిస్తున్న" అంది. ఆ పిల్ల ఒకసారి మాటిస్తే తప్పదని మోషేకు తెలుసు.

గురువారం సాయంత్రం పాస్టర్ నతానియేలు గారు వచ్చారు. ఇంటి యజమాని చీట్లు రాయడం పద్ధతి. మోషే ఏడో తరగతి దాకా చదివాడు. ఎస్తేర్ పాత నోటుబుక్కులో నుంచి ఒక కాగితం చింపుకుని, పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని దాన్ని మూడు ముక్కలు చేశాడు. ఆకాశం ఉతికి ఆరేసిన చీరలా ఉంది. ఎక్కడో బోరు మోటారు నీళ్లను పైకి లాగుతోంది.

మొదటి ముక్క మీద 'దగ్గరి కాలేజీ' అని రాశాడు.

రెండో ముక్క మీద గడియారం కాలేజీ రాయబోయి 'గ' దగ్గర ఆగాడు. ఆ అక్షరం పక్కన ఉన్న తెల్లటి చోటు అతనికి పొద్దుగూకే వేళ రోడ్డులా కనిపించింది. ఆ రోడ్డు మీద ఎస్తేర్ నిలబడి ఉంది. చెప్పులు చేతిలో ఉన్నాయి. ఎవరో పరాయి మనిషిని బస్సు ఎక్కడ దొరుకుతుందని అడుగుతోంది. ఆ పరాయి మనిషి మోషేలాంటి వాడు కాకపోతే? అక్కడ బస్సు దొరకకపోతే?

'గ' రాసిన ముక్కను ఉండ చేసి మురికినీళ్ల కాల్వలో వేశాడు. నోటుబుక్కు నుంచి ఇంకో ముక్క చింపాడు. దాని మీద 'దగ్గరి కాలేజీ' అని రాశాడు. మూడో దాని మీదా అదే రాశాడు. దేవునికి అబద్ధం చెబుతున్నానని ఆ క్షణంలో అనుకోలేదు. ఆయన పనిలో కాస్త చెయ్యి సాయం చేస్తున్నానని అనుకున్నాడు. మూడు చీట్లనూ ఒకే తీరుగా మడిచాడు. అంత శ్రద్ధగా అతను జీవితంలో ఏదీ మడవలేదు.

ప్రార్థన పొడుగ్గా సాగింది. మోషే తల వంచుకుని తన కాలి గోళ్ల వైపు చూస్తూ ఉన్నాడు. "ఈ బిడ్డకు నీ మార్గం చూపు తండ్రీ" అని పాస్టరయ్య అన్నప్పుడు అతని వీపు మీద చెమట చీమల్లా పాకింది. ఎస్తేర్ కళ్లు మూసుకుని బైబిలులోకి చెయ్యి పెట్టింది. కీర్తనల పుటల మధ్య ఆ వేళ్లు ఒక చీటీని తాకాయి, వదిలాయి, ఇంకోదాన్ని తాకాయి. వెతుకుతున్నాయి. ఎంత వెతికినా అక్కడ ఏమీ లేదని లోకంలో ఒక్క మనిషికే తెలుసు.

చీటీ విప్పి చదివింది. "దగ్గరి కాలేజీ."

ఎస్తేర్ చీటీని మళ్లీ మడిచింది. "దేవుని చిత్తం" అంది. గొంతు వణకలేదు. వణికి ఉంటే మోషేకు కాస్త బాగుండేది.

బీరమ్మ మిగిలిన రెండు చీట్లనూ తీసుకుని, టీ మరుగుతున్న పొయ్యిలో వేసింది. ఒక చీటీ వేడికి మెల్లగా విచ్చుకుంది. నల్లబడే ముందు దాని మీద 'ద' అనే అక్షరం వెలుగులో నిలబడింది. మోషే చుట్టూ చూశాడు. రూతమ్మ కప్పులు సర్దుతోంది, పాస్టరయ్య కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. ఎవరూ చూడలేదు. కాగితం బూడిదయింది. ఎవరూ చూడలేదని తెలిశాకే అతనికి నిజమైన భయం పట్టుకుంది. ఆ ఇంట్లో మనుషుల కళ్లు కాక ఇంకో కళ్లు కూడా ఉన్నాయని చిన్నప్పటి నుంచీ విన్నవాడు అతను.

అప్పటిదాకా అతని భయానికి ఒక దిక్కు ఉండేది. తూర్పున, లంగర్‌హౌస్ అవతల, పొగ కింద ఉండేది. ఇప్పుడది ఇంట్లోకి వచ్చి బైబిలు ఉన్న గూట్లో కూర్చుంది. బల్లి అరిస్తే ఉలిక్కిపడ్డాడు. ఫార్మ్‌హౌసులో ఫోను మోగితే ఎస్తేర్‌కు ఏదో అయిందనుకున్నాడు. శుక్రవారం పొద్దున అన్నం ముందు ప్రార్థన చేయబోతే నోట్లో మాట పుట్టలేదు. "పళ్లెం ముందట కాపలా కాస్తున్నవేంది? తిను" అంది రూతమ్మ.

ఎస్తేర్ అతన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. గడియారం కాలేజీ ఫారాన్ని, సగం నింపినదాన్ని, చించకుండా ట్రంకు పెట్టె అడుగున చలికాలం దుప్పట్ల కింద పెట్టింది. దాని గడువు సోమవారం సాయంత్రం నాలుగు గంటలకు తీరిపోతుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పిల్ల పళ్లెంలో అన్నం మెతుకులు మెతుకులుగా మిగిలిపోతుంటే మోషే చూస్తూ ఊరుకున్నాడు. రెండు రోజుల్లో అలవాటవుతుంది, అనుకున్నాడు. సోమవారం దాటితే చాలు.

ఆదివారం చర్చిలో పాటలయ్యాక సాక్ష్యాలు మొదలయ్యాయి. దేవుడు తమకు చేసినదాన్ని ఎవరైనా లేచి చెప్పే సమయమది. ఒకరికి జ్వరం తగ్గింది. ఒకరి బర్రె దొరికింది. ఆ తర్వాత ఆడవాళ్ల వైపు చాపల మీద నుంచి ఎస్తేర్ లేచింది.

"అందరికీ వందనాలు. నేను పట్నంల చదవాలని శాన ఆశపడిన. మా బాపు చీట్లేసిండు. దేవుడు వద్దన్నడు. రెండు రోజులు అన్నం తినబుద్ధి కాలే. దేవుని మీద కోపం గూడ వచ్చింది. నిన్న పొద్దున ప్రార్థన చేస్తే మనసు నిమ్మలమైంది. నా గురించి నాకన్న ఆయనకు ఎక్కువ తెలుసు. మీరు అడిగింది దొరకలేదని ఎవరన్న ఏడుస్తుంటే ఏడ్వకుండ్రి. ఆయన మాట్లాడిండు నాతోని. అంతే."

"స్తోత్రం" అంది చర్చి మొత్తం. ముందు వరుసలో ఎవరో ముక్కు చీదారు. మోషే రెండు చేతులతో చాప అంచు పట్టుకున్నాడు. కూతురు అబద్ధం చెప్పింది, దేవుని ఇంట్లో, దేవుని పేరు మీద, అది అబద్ధమని తెలియకుండా. ఆ అబద్ధం అతని చేతిరాతలో ఉంది.

బయట చెప్పులు వెతుక్కుంటుంటే కుర్మయ్య వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. కూతురు ప్రవళికను బీఈడీకి పంపాలా, పెళ్లి చేయాలా అని ఆర్నెల్లుగా తేల్చుకోలేకపోతున్న మనిషి. "అన్నా, మీ బిడ్డ మాట ఇని ఒళ్లు జల్లుమన్నది. మేం గూడ చీట్లేస్తం. నువ్వే రాసియ్యాలె. నీ చెయ్యి మంచిది."

మోషే తన చెయ్యి వైపు చూసుకున్నాడు. "జర... పని ఉన్నది కుర్మన్నా" అని, ఒక కాలికి చెప్పు సరిగా దూరకుండానే నడిచిపోయాడు.

సోమవారం పొద్దున సారు దగ్గర సగం రోజు సెలవు తీసుకుని, దగ్గరి కాలేజీలో చేర్పించడానికి కూతురితో మొయినాబాద్ చౌరస్తాలో నిలబడ్డాడు. ముసురు పట్టి ఉంది. ఎస్తేర్ సర్టిఫికెట్లున్న కవరును చున్నీ కింద దాచుకుని నిలబడింది. చేవెళ్ల వైపు పోయే బస్సులు ఆగే పక్క అది. రోడ్డుకు అవతలి పక్క పట్నం బస్సులు ఆగుతాయి. మధ్యలో లారీలు, ఇసుక ట్రాక్టర్లు, కార్లు బురద చిమ్ముకుంటూ పోతున్నాయి.

చేవెళ్ల బస్సు వచ్చింది. ఎస్తేర్ అడుగు ముందుకు వేసింది.

"ఆగు బిడ్డా."

"బస్సు పోతది బాపూ."

"పోనీ."

బస్సు పోయింది. తల మీద వాన పడుతున్నా మోషే నాలుక మట్టిలా ఉంది.

"మూడు చీట్ల మీద నేను ఒకటే పేరు రాసిన."

ఎస్తేర్‌కు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆ రెండింటి మధ్య ఆ ముఖంలో జరిగినదాన్ని మోషే చూడలేక రోడ్డు వైపు చూశాడు. అలా చూస్తూనే, చలికాలం గేటు దగ్గరకు వచ్చిన పిల్ల గురించి చెప్పాడు. చెప్పులు, కాటుక, బీబీఏ, అన్నీ చెప్పాడు. "పట్నం పిల్లల్ని గట్ల చేస్తది బిడ్డా. నాకు భయమైంది" అన్నాడు.

ఇంకో చేవెళ్ల బస్సు వచ్చి పోయింది.

"ఆ అక్క కాలేజీల ఏడ్చిందా బాపూ?"

"ఏంది?"

"ఏడ్చింది కాలేజీల కాదు. నీ సారు ఇంట్ల. నువ్వు కాపలా ఉన్న ఇంట్ల. ఆ ఇంటికి నువ్వు రోజూ పోతవు. నన్ను కాలేజీకి పోవద్దంటవు."

ఇన్నాళ్లూ మోషే గేటు దగ్గర నిలబడి బయటి నుంచి వచ్చేదాని కోసం చూశాడు. గేటు లోపల జరిగింది తన కాపలాలోనే జరిగింది. సోమవారం గోనెసంచిలో ఏరినవి పట్నంలో పారేసినవి కావు. అవి కనకమామిడి గడ్డిలో పడ్డవి, అతను కలుపు తీసిన జొన్నచేను ఉన్నచోట.

"నేను చర్చిల నిలబడి చెప్పిన" అంది ఎస్తేర్. అప్పుడు మొదటిసారి గొంతు వణికింది. "దేవుడు మాట్లాడిండని చెప్పిన. అందరు ఏడ్చిండ్రు బాపూ."

తర్వాత రోడ్డుకు రెండు పక్కలా చూసి, కవరు ఛాతీకి అదుముకుని, లారీకి ట్రాక్టరుకు మధ్య దొరికిన సందులో రోడ్డు దాటింది. తండ్రిని రమ్మనలేదు. అవతలి పక్కన పట్నం బస్సుల కోసం నిలబడ్డ జనంలో కలిసిపోయింది. నీలం చున్నీ ఒకసారి కనిపించి మాయమైంది. మోషే ఇవతల నిలబడి ఉన్నాడు. దాటడానికి పది అడుగులు. ఆ పది అడుగుల్లో అతను తన నలభై నాలుగేళ్ల భయాలన్నీ ఒక్కసారే భయపడ్డాడు. ఆమె ఎక్కబోయే బస్సు అజీజ్‌నగర్ వైపు నుంచి తిరిగి రాదేమోననీ, వచ్చినా అందులో కూతురు ఉండదేమోననీ, ఉన్నా తనను బాపూ అని పిలవదేమోననీ. ఆ చివరిది అన్నింటికన్నా పెద్దదిగా ఉంది. అది తరిమితేనే రోడ్డు దాటాడు.

బస్సులో ఎస్తేర్ ఆడవాళ్ల సీటులో కిటికీ పక్కన కూర్చుంది. మోషే వెనుక కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఔటర్ రింగు రోడ్డు కోసం తవ్విన ఎర్రమట్టి గుట్టలు వానలో కరుగుతున్నాయి. లంగర్‌హౌస్ దాటాక ఇళ్లు దగ్గరపడ్డాయి. ఆకాశం ఇరుకైంది. మెహిదీపట్నంలో దిగి ఇంకో బస్సు మారారు. ప్రతి స్టాపులో మోషే కూతురి జడ ఉందో లేదో చూసుకున్నాడు.

గడియారం కాలేజీ గేటు మీద నిజంగానే గడియారం ఉంది. పన్నెండున్నర. కౌంటరులో కొత్త ఫారం కొని, గేటు గుమ్మటం కింద నిలబడి ఎస్తేర్ నింపింది. తండ్రి సంతకం దగ్గర పెన్ను అతని చేతికిచ్చింది. అతను మొదటి అక్షరాన్నే గీత దాటించాడు. "మెల్లగ రాయి" అంది. కోపంతో అందో జాలితో అందో తెలియలేదు. తల్లిదండ్రులు బయటే ఉండాలని చెప్పి ఒక మేడం ఆ పిల్లను లోపలికి పిలిచింది. తలుపు మూసుకుంది.

మోషే వరండాలో నిలబడ్డాడు. పిల్లలు గుంపులుగా దిగుతున్నారు, ఎక్కుతున్నారు, పుస్తకాలు, టిఫిన్ డబ్బాలు, తడిసిన గొడుగులు. ఒకమ్మాయి మెట్ల మీద కూర్చుని నిమ్మకాయ అన్నం తింటూ ఇంకో అమ్మాయికి లెక్క చెబుతోంది. మోషే పట్నాన్ని మొదటిసారి పగటి వెలుతురులో చూస్తున్నాడు. భయం పోలేదు. కానీ దానికి అక్కడ కాళ్లు చాపుకోవడానికి చోటు దొరకనట్టుంది.

రెండు దాటాక ఎస్తేర్ బయటకు వచ్చింది.

"దొరికిందా?"

"దొరికింది. మార్కులు చూసి సరే అన్నరు. వచ్చే సోమవారం నుంచి క్లాసులు."

మోషే ముఖం తుడుచుకున్నాడు. ఎస్తేర్ అతని వైపు సూటిగా చూసింది. "సీటు దొరికింది గానీ నేను చెప్పిన సాక్ష్యం అట్లనే ఉన్నది బాపూ. అది నేను వాపసు తీసుకోలేను. నువ్వే లేచి చెప్పాలె. ఆదివారం."

"అందరి ముందటా?"

"నేను అందరి ముందటనే గదా చెప్పిన."

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాడు. రూతమ్మ చేతిలోని చేట కింద పెట్టేసి, "ఓ దొంగా, దేవునికే చెవుల పువ్వు పెట్టినవా!" అంది. తర్వాత కూతుర్ని దగ్గరకు లాక్కుని ఏడ్చింది. బీరమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ వారమంతా కొడుకుతో ఒక్క మాట మాట్లాడలేదు. అతను మందు గోలీలు ఇస్తే కోడలి చేతి నుంచి తీసుకుంది. మోషే ఆదివారం రాకూడదని కోరుకున్నాడు. శనివారం కార్లు ఎప్పటిలాగే వచ్చాయి. ఈసారి అతను గేటుకే ఉండిపోలేదు. చీకటి పడేలోపు రెండుసార్లు ఇంటి చుట్టూ తిరిగి వచ్చాడు. "ఏం వాచ్‌మన్, దయ్యాన్ని చూసినవా?" అని ఎవరో నవ్వారు.

ఆదివారం సాక్ష్యాల వేళ వచ్చింది. ఒకరు లేచారు, కూర్చున్నారు. ఇంకొకరు లేచారు, కూర్చున్నారు. పాస్టరయ్య "ఇంకెవరన్న ఉన్నరా?" అని అడిగి పాటల పుస్తకం తెరవబోయాడు. మోషే మోకాళ్లు అతని మాట వినకుండానే లేచాయి. ఫ్యాను తిరుగుతోంది. ముందు కుర్మయ్య వెనక్కి తిరిగి చిరునవ్వు నవ్వాడు. ఆడవాళ్ల వైపు ఎస్తేర్ తల వంచుకుని చాప పుల్ల ఒకటి గిల్లుతోంది.

"అందరికీ వందనాలు" అన్నాడు. ఆ తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు. "మొన్న మా బిడ్డ చెప్పిన దాంట్ల తప్పేం లేదు. తప్పు నాది. మూడు చీట్ల మీద..."

మాట పెదవుల మీదే ఆగిపోయింది.

అప్పుడు గోడ వారగా కూర్చున్న బీరమ్మ, వారం రోజుల తర్వాత మొదటిసారి, కొడుకుతో మాట్లాడింది.

"గట్టిగ చెప్పు బిడ్డా. వెనుక కూసున్నోళ్లకు ఇనబడ్తలేదు."

మోషే ఊపిరి తీసుకుని, మొదటి నుంచీ గట్టిగా చెప్పాడు.